పిల్లలు ఇప్పుడే వద్దనుకుంటే ఎంబ్రియో ఫ్రీజింగ్: ఏది ముందు, ఏది తర్వాత

ఎంబ్రియోలు (తొలిదశ పిండాలు) ఫ్రీజ్ చేయించుకోవాలనుకునేవాళ్లు చాలామంది ముందుగా అడిగేది ‘ఎన్నేళ్లు నిల్వ ఉంటాయి?’ అని. నిజానికి అంతగా టెన్షన్ పడక్కర్లేని విషయం అది. 1992లో ఫ్రీజ్ చేసిన ఎంబ్రియోలతో 2022లో అమెరికాలో కవలలు పుట్టారు. మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ దగ్గర కణంలో జరగాల్సిన పనులన్నీ ఆగిపోతాయి. ఫ్రీజ్ చేసిన రోజు అండం వయసెంతో, ముప్పై ఏళ్ల తర్వాత కూడా అంతే. మారేదల్లా బయట ఉన్న మనుషులు, వాళ్ల ఆరోగ్యం, వాళ్ల మధ్య బంధం. అందుకే ఇంజెక్షన్ల దాకా వెళ్లకముందే కూర్చుని తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కింది వరుస అలా పెట్టిందే.

1. ఎంబ్రియోలా, అండాలా? ముందు ఇది తేల్చుకోండి

అండం, వీర్యకణం కలిశాక ఏర్పడేది ఎంబ్రియో. కాబట్టి సాధారణంగా దాని మీద ఇద్దరికీ హక్కు ఉంటుంది, వాడాలంటే ఇద్దరి ఒప్పుకోలూ కావాలి. ఫ్రీజ్ చేసిన అండం మాత్రం ఆ మహిళ ఒక్కరిదే. మామూలు రోజుల్లో ఈ తేడా ఎవరికీ పట్టదు.

బ్రిటన్‌లో నటాలీ ఎవాన్స్ అనే ఆమెకు 2001లో రెండు అండాశయాల్లోనూ క్యాన్సర్‌గా మారబోయే కణితులు బయటపడ్డాయి. అండాశయాలు తీసేయకముందే భాగస్వామితో కలిసి ఆరు ఎంబ్రియోలు తయారు చేయించి దాచుకుంది. అండాలను విడిగా దాచుకోవచ్చా అని అప్పుడే అడిగింది కూడా. ఆ క్లినిక్‌లో ఆ వీలు లేదన్నారు. మరుసటి ఏడాది ఇద్దరూ విడిపోయారు, అతను తన సమ్మతిని వెనక్కి తీసుకున్నాడు. ఆమె కోర్టుల చుట్టూ తిరిగింది. చివరికి 2007లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు కూడా ఆమె వాదనను ఒప్పుకోలేదు. ఆమె సొంత అండాలతో బిడ్డను కనే దారి అక్కడితో మూసుకుపోయింది.

ఇప్పుడు అండాలను ఫ్రీజ్ చేయడం మామూలు విషయమైంది. దాని మీదున్న ‘ప్రయోగాత్మకం’ అన్న ముద్రను అమెరికన్ సొసైటీ ఫర్ రిప్రొడక్టివ్ మెడిసిన్ 2012లోనే తీసేసింది. కాబట్టి మీ ముందు మూడు దారులున్నాయి: అన్నీ ఎంబ్రియోలు చేయించడం, అన్నీ అండాలుగానే దాచడం, లేదా సగం అటూ సగం ఇటూ.

ఎంబ్రియోల వైపు ఉన్న లాభం చిన్నదేమీ కాదు. కలిసిన అండాలెన్ని, ఐదో రోజు దాకా పెరిగినవెన్ని అన్నది ఇప్పుడే తెలిసిపోతుంది. చాలకపోతే మరో సైకిల్ (ఇంజెక్షన్ల నుంచి అండాలు తీసేదాకా ఒక విడత) చేయించుకునే వ్యవధి ఉంటుంది. అండాలు దాచుకుంటే ఆ లెక్క వాటిని వాడే రోజున గానీ తేలదు, అప్పటికి మళ్లీ తీయించుకునే వయసు దాటిపోయి ఉండొచ్చు. పెళ్లయి, ఇద్దరూ ఒకే మాట మీద ఉండి, కేవలం సమయం కోసమే వాయిదా వేస్తున్నవాళ్లకు ఎంబ్రియోలే సరైనవని నా అభిప్రాయం. చికిత్స తర్వాత అండాశయాలు పనిచేయకపోవచ్చని డాక్టర్లు చెప్పిన మహిళ అయితే, కాపురం ఎంత బాగున్నా కొన్ని అండాలను విడిగా ఉంచుకోవడమే మంచిది. ఇందులో భర్తను అనుమానించడమేమీ లేదు. అండం అలాగే ఉంటే తర్వాత ఏ దారైనా తెరిచి ఉంటుంది, ఎంబ్రియో అయ్యాక వెనక్కి రాదు.

2. వయసు, పరీక్షలు

రక్తంలో ఏఎంహెచ్ అనే హార్మోన్ పరీక్ష, అండాశయాల్లో చిన్న ఫోలికల్స్ (అండాలు పెరిగే సంచులు) ఎన్ని ఉన్నాయో చూసే స్కాన్, థైరాయిడ్, ఇద్దరికీ హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్ పరీక్షలు, మగవారికి వీర్య పరీక్ష. మొదట్లో చేసేవి ఇవే.

ఏఎంహెచ్ రిపోర్టు చూసి గుండె జారిపోయేవాళ్లు ఎక్కువ. ఆ అంకె ఒక సైకిల్‌లో ఎన్ని అండాలు రావచ్చో సుమారుగా చెబుతుంది, అంతే. అండాల నాణ్యత గురించి అది ఏమీ చెప్పదు. నాణ్యతను నిర్ణయించేది ప్రధానంగా వయసు. 35 లోపు చేయించుకుంటే మంచిదనడం అందుకే. 37, 38 నుంచి తగ్గుదల వేగం పుంజుకుంటుంది. 40 దాటాక తయారయ్యే ఎంబ్రియోల్లో సగానికి పైగా క్రోమోజోముల లోపం ఉంటుంది. ఏఎంహెచ్ తక్కువగా ఉన్న 30 ఏళ్ల ఆమెకు వచ్చేవి నాలుగు అండాలే కావచ్చు, కానీ అవి 30 ఏళ్ల అండాలు.

కుటుంబంలో తలసీమియా లాంటి జన్యు వ్యాధి ఉంటే ఈ దశలోనే చెప్పండి. ఎంబ్రియోలను ఫ్రీజ్ చేసేముందు ఆ ఒక్క జబ్బు కోసం పరీక్షించవచ్చు. దానికి ముందే దంపతుల రక్త నమూనాలతో కొంత తయారీ కావాలి, చివరి నిమిషంలో కుదరదు.

3. క్యాన్సర్ చికిత్స మొదలవబోతుంటే

మీ పరిస్థితి ఇదైతే మిగతా వరుసను పక్కన పెట్టి ముందు ఈ పని చేయండి: కీమో తేదీ వేసేలోపే ‘నాకు పిల్లలు కావాలి, ఫెర్టిలిటీ డాక్టర్ దగ్గరికి పంపండి’ అని మీ ఆంకాలజిస్టును నోరు తెరిచి అడగండి. ఆ కంగారులో వాళ్లు మరిచిపోవచ్చు, మీరు మొహమాటపడవచ్చు. సైక్లోఫాస్ఫమైడ్ లాంటి మందులు, పొత్తికడుపుకు ఇచ్చే రేడియేషన్ అండాశయాలను బాగా దెబ్బతీస్తాయి.

ఒకప్పుడు నెలసరి వచ్చేదాకా ఆగి మొదలుపెట్టేవారు. ఇప్పుడు నెలలో ఏ రోజునైనా ఇంజెక్షన్లు మొదలుపెట్టవచ్చు, రెండు వారాల్లో పని పూర్తవుతుంది. రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లకు ఈస్ట్రోజన్ ఎక్కువ పెరగకుండా లెట్రోజోల్ మాత్రలు జతచేస్తారు. రెండు వారాలు కూడా ఆగలేని పరిస్థితి ఉంటే, లేదా రోగి ఇంకా పుష్పవతి కాని చిన్నపిల్ల అయితే, అండాశయం నుంచి కొంత కణజాలం తీసి దాచే పద్ధతి ఉంది. చికిత్స మగవారికైతే ఎంబ్రియోల దాకా వెళ్లక్కర్లేదు, కీమోకు ముందు వీర్యం ఫ్రీజ్ చేస్తే చాలు.

4. సంతకాలు: అన్నిటికంటే నిదానంగా చేయాల్సిన పని

సమ్మతి పత్రాలు చాలాసార్లు పికప్ (అండాలను బయటికి తీయడం) ముందు రోజు, చేతిలో పెన్ను పెట్టి ‘ఇక్కడ, ఇక్కడ’ అని చూపిస్తూ ఇస్తారు. అలా చేయనివ్వకండి. మొదటి కన్సల్టేషన్ రోజే కాగితాలు అడిగి ఇంటికి తెచ్చుకోండి. ఇద్దరూ విడివిడిగా చదవండి, తర్వాత కలిసి మాట్లాడుకోండి.

ఆ కాగితాల్లో నాలుగు సందర్భాలకు జవాబు ఉండాలి. ఇద్దరిలో ఒకరు చనిపోతే మిగిలినవారు ఎంబ్రియోలను వాడుకోవచ్చా? విడిపోతే? ఒకరు నిర్ణయం తీసుకునే స్థితిలో లేకుండా మంచాన పడితే? నిల్వ ఫీజు కట్టడం ఆగిపోతే? ఒక్కో సందర్భంలో ఎంబ్రియోలను ఏం చేయాలో కూడా రాయమంటారు: తీసేయడం, పరిశోధనకు ఇవ్వడం, పిల్లల్లేని మరో జంటకు ఇవ్వడం. చట్టం అనుమతించే చోట్లే ఇవి చెల్లుతాయి. మరణం గురించిన ప్రశ్న దగ్గర చాలామంది దంపతులు నవ్వేసి ఏదో ఒక గడిలో టిక్ పెడతారు. ఆ ఒక్క గడి కోసం ఒక సాయంత్రం కేటాయించండి. భార్య ‘నేను పోయినా బిడ్డను కనిపెంచు’ అనుకుంటూ ఉండొచ్చు, భర్త ‘నీవు లేకుండా నాకొద్దు’ అనుకుంటూ ఉండొచ్చు. ఇప్పుడు బయటపడితే అది మాట్లాడుకునే విషయం, తర్వాత బయటపడితే తగాదా.

నిల్వ గడువు దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో 2022 జులై నుంచి గరిష్ఠంగా 55 ఏళ్లు, పదేళ్లకోసారి సమ్మతిని పునరుద్ధరించాలి. భారత్‌లో 2021 నాటి ఏఆర్‌టీ చట్టం పదేళ్లని చెబుతోంది. మీరున్న చోట ఎంతో, వేరే దేశానికి మారితే వెంట తీసుకెళ్లే వీలుందో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి.

5. ఇంజెక్షన్లు

మామూలుగా నెలకు ఒక అండమే పూర్తిగా పెరుగుతుంది. ఆ నెలలో వెనకబడిపోవాల్సిన మిగతా ఫోలికల్స్‌ను కూడా పెంచడానికే ఎఫ్ఎస్‌హెచ్ అనే హార్మోన్ ఇంజెక్షన్లు. సుమారు 10 నుంచి 12 రోజులు, రోజూ ఒకే సమయానికి. మధ్యలో అండాలు ముందే విడుదల కాకుండా ఇంకో ఇంజెక్షన్ గానీ, మాత్రలు గానీ ఇస్తారు. రెండు మూడు రోజులకోసారి స్కాన్, అవసరాన్ని బట్టి రక్తపరీక్ష.

ఇంజెక్షన్ ఇంట్లోనే వేసుకోవచ్చు. బొడ్డుకు రెండు వేళ్ల దూరంలో చర్మాన్ని కాస్త పట్టుకుని, సూది గుచ్చి, మందు పూర్తిగా దిగాక పది అంకెలు లెక్కపెట్టి తీయండి. ఒక రోజు ఎడమ పక్క, మరుసటి రోజు కుడి పక్క. పెన్ను రూపంలో ఇచ్చే మందుల్లో కొన్నిటికి ఒక సంగతి గుర్తుంచుకోవాలి: నొక్కాక కిటికీలో సున్నా కనబడకుండా ఏదైనా అంకె మిగిలితే, పెన్నులో మందు అయిపోయిందని అర్థం. ఆ మిగిలిన అంకె ఎంతో అంత డోసును కొత్త పెన్నుతో వేసుకోవాలి. దీన్ని గమనించక తక్కువ డోసుతో సరిపెట్టుకునేవాళ్లున్నారు. ఫ్రిజ్‌లో పెట్టమన్న మందును ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

కడుపు ఉబ్బరం, చిరాకు, అలసట మామూలే. అండాశయాలు పెద్దవై ఉంటాయి గనుక మెలితిరిగే ప్రమాదం ఉంది. పరుగు, గెంతులు, బరువులెత్తడం, కలయిక ఆపేయండి. నడక ఫరవాలేదు. ఉన్నట్టుండి ఒక పక్క భరించలేని నొప్పి, వాంతులు మొదలైతే తెల్లారేదాకా ఆగకండి.

అండాలు పూర్తిగా పక్వం కావడానికి చివర్లో వేసే ట్రిగ్గర్ ఇంజెక్షన్‌కు మాత్రం నిమిషాల లెక్క ఉంటుంది. పికప్ దానికి 34 నుంచి 36 గంటల తర్వాత జరగాలి. బుధవారం ఉదయం తొమ్మిదింటికి పికప్ అయితే ట్రిగ్గర్ సోమవారం రాత్రి తొమ్మిది ప్రాంతంలో. క్లినిక్ చెప్పిన టైమ్‌కు ఇద్దరి ఫోన్లలోనూ అలారం పెట్టుకోండి. పొరపాటున ఆలస్యమైతే దాచకుండా వెంటనే ఫోన్ చేసి చెప్పండి, వాళ్లు పికప్ సమయాన్ని జరుపుతారు.

ఈ చికిత్సలో భయపడాల్సినది అండాశయాలు మరీ ఎక్కువగా స్పందించడం, ముఖ్యంగా పీసీఓఎస్ (అండాశయాల్లో చిన్న ఫోలికల్స్ మరీ ఎక్కువగా ఉండే సమస్య) ఉన్నవాళ్లలో. ఇక్కడ ఫ్రీజ్ చేయించుకునేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. వెంటనే గర్భం ఉండదు కాబట్టి మామూలుగా వాడే హెచ్‌సీజీ హార్మోన్ బదులు వేరే రకం ట్రిగ్గర్ వాడవచ్చు, దాంతో ఆ ముప్పు బాగా తగ్గిపోతుంది. ‘నాకు ఏ ట్రిగ్గర్ ఇస్తున్నారు, ఎందుకు?’ అని అడగండి. ఏదైనా సరే, తర్వాత రోజుకు కిలోకు పైగా బరువు పెరగడం, మూత్రం తగ్గడం, ఊపిరాడకపోవడం కనిపిస్తే ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

6. పికప్ రోజు

ఖాళీ కడుపుతో వెళ్లాలి. సెంటు, నెయిల్ పాలిష్ వద్దు. మత్తిచ్చి, స్కాన్‌లో చూస్తూ యోని మార్గంలో సన్నటి సూదితో ఒక్కో ఫోలికల్‌లోని ద్రవాన్ని తీస్తారు. అరగంటలోపు పని. కొద్దిగా రక్తం, ఒకటి రెండు రోజులు పొత్తికడుపులో నొప్పి ఉంటాయి. ఆ రోజు బండి నడపకండి, పక్కన ఎవరైనా ఉండాలి.

భర్త వీర్యం ఇవ్వాల్సింది కూడా ఆ ఉదయమే. దానికి ముందు రెండు నుంచి ఐదు రోజుల విరామం ఉండాలి. బయట తలుపు దగ్గర నర్సు ఎదురుచూస్తుంటే ఎంతటివాడికైనా కష్టమే. ముందే ఒక నమూనా ఫ్రీజ్ చేసి ఉంచితే ఇద్దరికీ ఆ టెన్షన్ తప్పుతుంది. దీన్ని చాలామంది అడగరు, అడిగితే ఎవరూ కాదనరు.

7. ల్యాబ్ నుంచి వచ్చే ఫోన్లు

ఈ ఐదారు రోజుల్లో అంకెలు తగ్గుతూ వస్తాయి. ముందే తెలియకపోతే ప్రతి ఫోన్ కాల్ ఒక దెబ్బలా తగులుతుంది. ఉదాహరణకు 12 అండాలు తీశారనుకోండి. వాటిలో పక్వమైనవి తొమ్మిది దాకా ఉంటాయి. వాటిని వీర్యకణాలతో కలిపితే, లేదా ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని పంపే ఇక్సీ చేస్తే, మర్నాటికి ఆరేడు ఫలదీకరణ చెందుతాయి. ఐదో రోజుకు లేదా ఆరో రోజుకు బ్లాస్టోసిస్ట్ (గర్భాశయంలో అతుక్కునే స్థాయికి ఎదిగిన ఎంబ్రియో) దశకు చేరేవి మూడు. ఇది ఎక్కడో ఏదో తప్పు జరిగినందుకు కాదు, మామూలుగా జరిగేదే ఇంత. వయసు ఎక్కువైతే ఇంకా తగ్గుతాయి.

అందుకే ‘ఎన్ని అండాలొచ్చాయి?’ అన్న అంకెను చూసి లెక్క వేసుకోకూడదు. 35 ఏళ్ల లోపు అండాలతో తయారైన ఒక మంచి బ్లాస్టోసిస్ట్‌ను గర్భాశయంలో ప్రవేశపెడితే బిడ్డ పుట్టే అవకాశం సుమారు 40 నుంచి 50 శాతం. ఇద్దరు పిల్లలు కావాలనుకునేవాళ్లకు రెండు ఎంబ్రియోలు సరిపోవని దీన్నిబట్టే తెలుస్తుంది. ఎన్ని ఉంటే ఆగాలి, ఇంకో సైకిల్ చేయాలా అన్నది మీ డాక్టర్‌తో పికప్‌కు ముందే మాట్లాడుకోవాలి.

రిపోర్టులో 4ఏఏ, 3బీబీ లాంటివి ఉంటాయి. అంకె ఎంబ్రియో ఎంత విచ్చుకుందో చెబుతుంది, మొదటి అక్షరం బిడ్డగా మారే కణాల గురించి, రెండోది మాయగా (ప్లాసెంటా) మారే కణాల గురించి. బీబీ చూసి కుంగిపోకండి, బీబీతో పుట్టిన పిల్లలు బోలెడంతమంది.

క్రోమోజోముల పరీక్ష కూడా చేయిద్దామని కొన్నిచోట్ల గట్టిగా చెబుతారు. మాయ కణాల్లోంచి ఐదు నుంచి పది దాకా తీసి పరీక్షిస్తారు. వయసు ఎక్కువైనవాళ్లకు, పదేపదే గర్భస్రావాలైనవాళ్లకు ఉపయోగపడొచ్చు. చిన్న వయసులో, ఏ సమస్యా లేకుండా దాచుకుంటున్నవాళ్లకు దాని ప్రయోజనం స్పష్టంగా తేలలేదు. ఆ పరీక్ష ఎంబ్రియోను మెరుగుపరచదు, ఉన్నవాటిలో ఏది ముందు వాడాలో మాత్రమే చెబుతుంది.

8. ఫ్రీజింగ్ ఎలా జరుగుతుంది

కణంలో ఎక్కువగా ఉండేది నీరు. నెమ్మదిగా చల్లబరిస్తే అది మంచు పలుకులై కణాన్ని లోపల్నుంచే చీలుస్తుంది. పాత పద్ధతిలో ఉన్న ఇబ్బంది అదే. ఇప్పుడు వాడేది విట్రిఫికేషన్. ఎంబ్రియాలజిస్టు ఎంబ్రియోను చిక్కటి ద్రావణంలో వేస్తారు. మైక్రోస్కోప్ కింద చూస్తే లోపలి నీరు బయటికి వచ్చేసి అది ముడుచుకుపోవడం కనిపిస్తుంది. ఆఖరి ద్రావణంలో నిమిషం లోపే పని ముగించాలి. చాలా సన్నటి ప్లాస్టిక్ పట్టీ కొన మీద, కంటికి ఆనీ ఆనని బొట్టులో దాన్ని పెట్టి నేరుగా లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచేస్తారు. నిమిషానికి వేల డిగ్రీల వేగంతో చల్లబడటంతో మంచు పలుకు కట్టే వ్యవధే ఉండదు, అంతా గాజులా గట్టిపడుతుంది. ఇలా దాచిన బ్లాస్టోసిస్టుల్లో 90 శాతానికి పైగా కరిగించాక బతికే ఉంటాయి.

ఇక్కడ క్లినిక్‌ను అడగాల్సినవి: ప్రతి దశలో పేర్లను ఇద్దరు మనుషులు సరిచూస్తారా? ట్యాంకులో నైట్రోజన్ తగ్గితే అర్ధరాత్రి ఎవరి ఫోన్‌కు అలారం వెళ్తుంది? మా ఎంబ్రియోలను రెండు ట్యాంకుల్లో సగం సగం పెడతారా? ఈ చివరి ప్రశ్న అతిగా అనిపించవచ్చు. 2018 మార్చిలో అమెరికాలో రెండు వేర్వేరు నగరాల్లోని నిల్వ ట్యాంకులు ఒకే వారాంతంలో విఫలమై వేల అండాలు, ఎంబ్రియోలు దెబ్బతిన్నాయి.

బయటికొచ్చేముందు ఒక కాగితం తప్పక తీసుకోండి: ఎన్ని ఎంబ్రియోలు, ఏ రోజువి, ఏ గ్రేడ్, ఒక్కో స్ట్రాలో (ఎంబ్రియోలు ఉంచే సన్నటి గొట్టం) ఎన్ని, ఏ కంపెనీ ద్రావణం, ఏ రకం పట్టీ. రేపు వేరే క్లినిక్‌కు మార్చాల్సి వస్తే అక్కడివాళ్లు సరిగ్గా కరిగించడానికి చివరి రెండు వివరాలూ అవసరం. ఫోన్ నంబర్, ఇల్లు, ఈమెయిల్ మారినప్పుడల్లా క్లినిక్‌కు తెలియజేయండి. ఫీజు నోటీసు పాత అడ్రసుకు వెళ్లి, జవాబు రాక, ‘వదిలేసినవి’ కింద లెక్కలో చేరే ప్రమాదం అక్కడే ఉంది.

9. వాడుకోవాలనుకున్నప్పుడు

ఎంబ్రియో వయసు పెరగకపోయినా మోసే శరీరానికి పెరుగుతుంది. బీపీ, షుగర్, థైరాయిడ్, గుండె పరీక్షలు ముందు చేయించుకోండి. క్యాన్సర్ నుంచి కోలుకున్నవాళ్లకు ఎప్పుడన్నది ఆంకాలజిస్టు చెప్పాలి.

ట్రాన్స్‌ఫర్‌కు, అంటే ఎంబ్రియోను గర్భాశయంలో ప్రవేశపెట్టడానికి, రెండు పద్ధతులు. నెలసరి సక్రమంగా ఉంటే సహజంగా అండం విడుదలయ్యే రోజును బట్టి చేయొచ్చు. లేదంటే ఈస్ట్రోజన్ మందులతో గర్భాశయం లోపలి పొరను పెంచి, సాధారణంగా ఏడు మిల్లీమీటర్లు దాటాక ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ మొదలుపెట్టి, ఐదు రోజులకు బ్లాస్టోసిస్ట్‌ను ప్రవేశపెడతారు. మందులతో చేసే పద్ధతిలో గర్భం వచ్చాక బీపీ పెరిగే ముప్పు కాస్త ఎక్కువ. మీకు సహజ పద్ధతి కుదురుతుందా అని అడిగి చూడండి.

కరిగించిన ఎంబ్రియో రెండు మూడు గంటల్లో మళ్లీ విచ్చుకుంటుంది. ప్రవేశపెట్టడానికి మత్తు అక్కర్లేదు, నిండు మూత్రాశయంతో పడుకుంటే కొద్ది నిమిషాల పని. ఒక్క ఎంబ్రియోనే పెట్టించుకోండి. రెండు పెడితే అవకాశం రెట్టింపు కాదు, కవలలు, నెలలు నిండని కాన్పు మాత్రం పెరుగుతాయి. మిగిలినవి ట్యాంకులో భద్రంగానే ఉన్నాయి కదా. తర్వాత మంచం మీదే ఉండాల్సిన పనిలేదు, మామూలు పనులు చేసుకోవచ్చు. సుమారు పది రోజుల తర్వాత రక్తపరీక్ష. ఆలోపు కాస్త రక్తం కనబడినా, ఇంట్లో చేసిన టెస్టులో ఒక్క గీతే వచ్చినా, క్లినిక్ చెప్పేదాకా ప్రొజెస్టెరాన్ ఆపకండి.